ఇంట్లో వాడే నేరోబ్యాండ్ యూవీబీ దీపం: బొల్లి మచ్చలకు ఎంతవరకు పనికొస్తుంది?

బొల్లికీ సోరియాసిస్‌కూ చర్మవైద్యుల దగ్గర ఇచ్చే లైట్ ట్రీట్‌మెంట్‌ను ఇంట్లోనే తీసుకోవడానికి వీలుగా, చేతిలో పట్టుకుని వాడే చిన్న నేరోబ్యాండ్ యూవీబీ (అతినీలలోహిత కిరణాల్లో ఒక సన్నటి పట్టీని మాత్రమే ఇచ్చే) దీపాలు కొంతకాలంగా మన దగ్గర కూడా దొరుకుతున్నాయి. చెంప మీద, మెడ మీద, మోచేతుల మీద, వేళ్ల చివర్లలో ఉన్న మచ్చల కోసం మా డాక్టరు గారి సలహాతో అలాంటిదొకటి కొని, ఆయన పర్యవేక్షణలోనే ఏడాదికి పైగా వాడుతున్నాను. తయారీదారు పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ రకం దీపాలు చాలావాటిలో ఉండేది ఒకే రకం ట్యూబు కాబట్టి, కొనేవారు చూడవలసినవి పేరు కంటే వేరే విషయాలు. నా అభిప్రాయం ముందుగానే చెబుతాను: వైద్యుడు చూసి రాసిచ్చిన చిన్న మచ్చలకు, ముఖ్యంగా ముఖం, మెడ మీది వాటికి, ఈ దీపం కొనదగినదే. అయితే ఇది విద్యుత్ పరికరం కంటే ముందు ఒక మందు. ఎంత మోతాదు ఇస్తోందో అంకెల్లో చెప్పని దీపాన్ని, అది ఎంత చవకగా వచ్చినా, ఒంటి మీద పెట్టుకోకూడదు.

ఇంటికి తెచ్చుకోవలసిన అవసరం ఎందుకు వచ్చిందో చెప్పాలి. మా తెనాలి నుంచి ఈ వైద్యం ఇచ్చే ఆస్పత్రి ఉన్న గుంటూరు పెద్ద దూరం కాదు. కానీ ఈ వైద్యం వారానికి రెండు మూడుసార్లు, నెలల తరబడి సాగాలి, ఒక్కో విడతలో చర్మం మీద వెలుగు పడేదేమో కొన్ని సెకన్లు, మహా అయితే రెండు మూడు నిమిషాలు. ఆ కాసేపటి కోసం సగం రోజు సెలవు పెట్టి వెళ్లిరావడం ఉద్యోగస్తులకూ, కూలిపనులు చేసుకునేవారికీ, చదువుకునే పిల్లలకూ కుదరని పని. ఆస్పత్రిలో లైట్ ట్రీట్‌మెంట్ మొదలుపెట్టి మధ్యలో మానేసినవారిని చాలామందిని చూశాను. వారిలో ఎక్కువమంది మానేసింది మచ్చలు తగ్గక కాదు, రాకపోకలు సాగక.

వెలుగుతో చర్మానికి వైద్యం చేయడం కొత్త సంగతి కాదు. బావంచాల గింజలు నూరి మచ్చలకు పట్టించి ఎండలో కూర్చోబెట్టడం మన దేశంలో ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. ఆ గింజల్లో సోరలిన్ జాతి పదార్థాలు ఉంటాయి. అవి చర్మాన్ని అతినీలలోహిత కిరణాలకు విపరీతంగా స్పందించేలా చేస్తాయి కనుక గుణం ఎంత నిజమో బొబ్బలూ అంతే నిజం. యూరప్‌లో నీల్స్ ఫిన్సెన్ చర్మక్షయకు కేంద్రీకరించిన కాంతితో చికిత్స చేసినందుకు 1903లో నోబెల్ బహుమతి అందుకున్నారు. 1974లో సోరలిన్ మాత్ర మింగించి యూవీఏ అనే మరో రకం అతినీలలోహిత కిరణాలు పట్టించే పూవా పద్ధతి సోరియాసిస్‌కు ఆధునిక వైద్యంగా నిలబడింది. కానీ మాత్ర వేసుకున్నాక వికారం కలగడం, ఆ రోజంతా ఎండ తగలకుండా కళ్లద్దాలు పెట్టుకోవలసి రావడం, ఏళ్ల తరబడి వాడితే చర్మ క్యాన్సర్ ముప్పు పెరగడం దాని వెంట వచ్చాయి.

ఇప్పుడు మనం వాడుతున్న నేరోబ్యాండ్ దీపానికి పునాది 1981లో పడింది. ప్యారిష్, యేనికే అనే ఇద్దరు పరిశోధకులు సోరియాసిస్ మచ్చల మీద వేర్వేరు తరంగదైర్ఘ్యాలను విడివిడిగా ప్రయోగించి చూశారు. 290 నానోమీటర్ల కంటే తక్కువ ఉన్న కిరణాలు చర్మాన్ని ఎర్రగా కాల్చాయే తప్ప మచ్చను తగ్గించలేదు, 300 నుంచి 313 మధ్య ఉన్నవి మాత్రం తగ్గించాయి. కాల్చే భాగాన్ని వదిలేసి పనిచేసే భాగాన్నే ఇచ్చే ట్యూబు తయారు చేస్తే చాలునన్నది ఆ ఫలితంలోనే ఉంది. ఫిలిప్స్ కంపెనీ ఆ తర్వాత తెచ్చిన టీఎల్-01 ట్యూబు సరిగ్గా 311 నానోమీటర్ల దగ్గర సన్నటి పట్టీగా వెలుగునిస్తుంది. మాత్ర అక్కర్లేదు, పైపూత అక్కర్లేదు. 1997లో నెదర్లాండ్స్ వైద్యులు ఇదే వెలుగును బొల్లికి వాడి, పూవా కంటే తక్కువ ఇబ్బందితో రంగు తెప్పించవచ్చని చూపించారు.

నేను కొన్న పరికరం విషయానికి వస్తాను. చేతిలో ఇమిడే పిడి, దాని తలభాగంలో తొమ్మిది వాట్ల ట్యూబు, ముందువైపు అరచేతి కంటే చిన్న కిటికీ, విడిగా టైమర్ ఉన్న పెట్టె, ఒక జత రక్షణ కళ్లద్దాలు పెట్టెలో వచ్చాయి. కిటికీకి తగిలించడానికి దువ్వెన పళ్లలాంటి తొడుగు ఒకటి ఉంది. తలలోని సోరియాసిస్‌కు వాడేవారికి అది జుట్టును పాయలుగా విడదీస్తుంది, మిగతావారికి దీపానికీ చర్మానికీ మధ్య దూరం ఎప్పుడూ ఒకేలా ఉండేలా చూస్తుంది. ఈ రెండో ఉపయోగం చిన్నదిగా కనిపిస్తుంది గానీ, నా దృష్టిలో పరికరం మొత్తంలో ఆలోచించి చేసిన భాగం అదే. పిడి బరువు తక్కువ, మెడ వెనక్కి పట్టుకున్నా చేయి లాగదు. టైమర్ సెకన్ల లెక్కన పెట్టుకోవచ్చు, సమయం కాగానే దీపం తనంతట తనే ఆరిపోతుంది. మధ్యలో కరెంటు పోతే మాత్రం టైమర్ మొదటికి వస్తుంది. అప్పటికి ఎన్ని సెకన్లు గడిచాయో అది గుర్తుపెట్టుకోదు. కోతలున్న ఊళ్లలో ఉండేవారు పక్కన గడియారం పెట్టుకుని లెక్క చూసుకోవాలి.

ట్యూబు మీద ఉండే అంకెలను కొనేముందు తప్పక చదవాలి. ఫిలిప్స్ పీఎల్-ఎస్ తొమ్మిది వాట్ల ట్యూబులు చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, రెండు పిన్నుల పీఠం కూడా ఒకటే. చివర 01 అని ఉంటే అది నేరోబ్యాండ్ యూవీబీ. 12 అని ఉంటే బ్రాడ్‌బ్యాండ్ యూవీబీ, అంటే చర్మాన్ని త్వరగా కాల్చే పాతరకం. 10 అని ఉంటే అది యూవీఏ, బొల్లికి ఒంటరిగా దాదాపు పనికిరాదు. ఇదే ఆకారంలో క్రిములను చంపే యూవీసీ ట్యూబులు కూడా ఉన్నాయి. అవి 254 నానోమీటర్ల దగ్గర వెలిగేవి, కళ్లకూ చర్మానికీ నేరుగా హాని చేసేవి. ట్యూబు విప్పి నంబరు చూపించడానికి అమ్మేవారు ఒప్పుకోకపోతే అక్కడితో బేరం ఆపేయడం మేలు.

ఇక మోతాదు. ఈ సమీక్ష రాయడానికి అసలు కారణం ఇదే.

యూవీబీ మోతాదును చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీజౌళ్లు అని కొలుస్తారు. దీపం ఇచ్చే తీవ్రతను చదరపు సెంటీమీటరుకు ఇన్ని మిల్లీవాట్లు అని చెబుతారు. తీవ్రతను సెకన్లతో గుణిస్తే మోతాదు వస్తుంది. 2017లో బొల్లి నిపుణుల బృందం ఒకటి ప్రకటించిన సూచనల ప్రకారం, చర్మం రంగు ఏదైనా 200 మిల్లీజౌళ్లతో మొదలుపెట్టి, విడతకు పది నుంచి ఇరవై శాతం చొప్పున పెంచుకుంటూ పోవచ్చు. ఇప్పుడు లెక్క చూడండి. దీపం తీవ్రత 10 మిల్లీవాట్లయితే ఆ 200 మిల్లీజౌళ్లకు 20 సెకన్లు చాలు. తీవ్రత 5 అయితే 40 సెకన్లు కావాలి. అంటే ఒకరి దీపానికి సరిపోయిన సెకన్లు మరొకరి దీపానికి రెట్టింపు మోతాదు కావచ్చు, సగమూ కావచ్చు. స్నేహితులు చెప్పిన సమయాన్నో, వీడియోలో చూసిన సమయాన్నో అనుసరించడం ఎందుకు ప్రమాదమో ఈ చిన్న గుణకారమే చెబుతుంది.

నా పరికరంతో వచ్చిన పుస్తకంలో మొదటి వారం ఇన్ని సెకన్లు, రెండో వారం ఇన్ని సెకన్లు అని పట్టిక ఉంది కానీ, ఆ పట్టిక ఏ తీవ్రతను ఆధారం చేసుకుని వేశారో ఎక్కడా లేదు. తయారీదారుకు రాస్తే ట్యూబు వాటేజీ చెప్పారు. వాటేజీ వేరు, చర్మం మీద పడే తీవ్రత వేరు. చివరకు మా డాక్టరు గారే తన దగ్గరున్న యూవీ మీటరుతో, తొడుగు పెట్టిన దూరంలో కొలిచి, ఆ అంకెను పరికరం మీద అంటించి, మోతాదును సెకన్లలోకి మార్చి రాసిచ్చారు. పుస్తకంలోని పట్టికకూ ఆయన లెక్కకూ పొంతన లేదు. వైద్య పరికరం అని పేరు పెట్టి అమ్మేవారు ఈ ఒక్క కొలతనూ పరీక్షించి కాగితం మీద ఇవ్వకపోవడం క్షమించదగిన విషయం కాదు. సిరప్ సీసా మీద ఒక చెంచాలో ఎంత మందు ఉందో రాయకుండా అమ్మితే మనం ఊరుకుంటామా?

తీవ్రత ఒకసారి కొలిస్తే శాశ్వతంగా నిలిచేది కూడా కాదు. వెలిగించిన వెంటనే ట్యూబు పూర్తి బలంతో ఉండదు, కాస్త వేడెక్కాక నిలకడకు వస్తుంది. అందుకే ఒంటికి దూరంగా రెండు మూడు నిమిషాలు వెలగనిచ్చి, ఆ తర్వాతే మచ్చ మీద పెట్టి సమయం లెక్కపెట్టాలి. దూరం పెరిగితే తీవ్రత పడిపోతుంది. గంటలు గడిచేకొద్దీ ట్యూబు నెమ్మదిగా బలహీనపడుతుంది. మన కంటికి మాత్రం నీలిరంగు వెలుగు మొదటి రోజు ఎలా ఉందో అలాగే కనిపిస్తుంది, ఎందుకంటే కంటికి కనిపించేది మందు కాదు. కాబట్టి ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి మళ్లీ కొలిపించుకోవాలి.

మోతాదు సరిపోయిందా లేదా అని చెప్పేది చర్మమే. మచ్చ మీద లేత గులాబీ రంగు వచ్చి ఇరవై నాలుగు గంటల్లోపు తగ్గిపోతే అది సరైన మోతాదు. రంగే రాకపోతే పెంచవచ్చు. ఒక రోజు దాటాక కూడా ఎర్రగానే ఉంటే పెంచకూడదు, మంటగా ఉన్నా బొబ్బలు వచ్చినా చర్మం మామూలు అయ్యేవరకు పూర్తిగా ఆపి వైద్యుడికి చెప్పాలి. ఊరెళ్లి కొన్ని విడతలు తప్పినప్పుడు వెనకటి మోతాదుతోనే మొదలుపెట్టడం కూడా కాలడానికి దారితీస్తుంది. ఒక వారం దాటితే నాలుగో వంతు, రెండు వారాలు దాటితే సగం తగ్గించాలనీ, మూడు వారాలు మించితే మొదటి నుంచి రావాలనీ పైన చెప్పిన 2017 నాటి సూచనలే చెబుతున్నాయి. నేను ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ, సెకన్లు, మర్నాటి ఎరుపు రాసుకుంటాను. వైద్యుడి దగ్గరకు వెళ్లినప్పుడు ఆయన ముందుగా అడిగేది ఆ పుస్తకమే.

ఫలితం గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. మొదటి రెండు నెలలు ఏమీ కనిపించలేదు. ఆ తర్వాత మెడ మీద, చెంప మీద వెంట్రుకల మొదళ్ల చుట్టూ గోధుమరంగు చుక్కలు మొదలై, నెమ్మదిగా ఒకదానితో ఒకటి కలుస్తూ వచ్చాయి. బొల్లిలో శరీరంలోని రక్షక కణాలే రంగునిచ్చే మెలనోసైట్ కణాలను చంపేస్తాయి. ఈ వెలుగు ఒకవైపు ఆ దాడిని తగ్గిస్తుంది, మరోవైపు వెంట్రుకల కుదుళ్లలో దాగి ఉన్న మూలకణాలను పైకి రప్పిస్తుంది. రంగు చుక్కలుగా రావడానికి కారణం అదే. వెంట్రుకలు లేని వేళ్ల చివర్లు, పెదవులు, అరచేతులు స్పందించకపోవడానికీ, మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడిపోతే ఆశ తగ్గడానికీ కారణం అదే. నా చెంప దాదాపు నిండింది, మెడ సగానికి పైగా నిండింది, మోచేతుల మీద కొంత మార్పు ఉంది, వేళ్ల మీద ఏమీ లేదు. వేళ్ల మీది మచ్చలే పోవాలని ఎవరైనా ఈ దీపం కొనాలనుకుంటే వద్దనే చెబుతాను.

చేతిదీపాల మీద జరిగిన పెద్ద పరీక్ష ఒకటుంది. బ్రిటన్‌లో హై-లైట్ పేరుతో 517 మంది బొల్లి రోగుల మీద, పిల్లలతో సహా, ఇంట్లో రోజు విడిచి రోజు ఈ దీపాన్ని వాడించి చూశారు. తొమ్మిది నెలల తర్వాత ఎంచుకున్న మచ్చ చాలావరకు కనిపించకుండా పోయిందని చెప్పినవారు స్టెరాయిడ్ క్రీము మాత్రమే వాడినవారిలో 17 శాతం, దీపం మాత్రమే వాడినవారిలో 22 శాతం, రెండూ కలిపి వాడినవారిలో 27 శాతం. మానేశాక వచ్చిన రంగు మళ్లీ పోవడం కూడా ఆ పరీక్షలో కనిపించింది. ఈ అంకెలు చూసి నిరుత్సాహపడేవారు ఉంటారు. నాకు మాత్రం ఇవి నమ్మదగిన అంకెలుగా తోస్తాయి. మూడు నెలల్లో నూటికి నూరు శాతం తగ్గిస్తామనే ప్రకటనల మధ్య, నలుగురైదుగురిలో ఒకరికి మంచి ఫలితం వస్తుందని తెలిసి మొదలుపెట్టినవాళ్లే నెలల తరబడి ఓపిక పట్టగలరు. పెళ్లి కుదరదేమోనన్న భయంతో, ఇతరులకు అంటుకుంటుందన్న అపోహతో మన ఇళ్లలో బొల్లి ఉన్న ఆడపిల్లలు ఎంత కుంగిపోతారో తెలిసినవారెవరూ వారికి అబద్ధపు ఆశలు అమ్మకూడదు.

సోరియాసిస్ ఉన్నవారికి ఇదే వెలుగు ఇంకా బాగా, ఇంకా త్వరగా పనిచేస్తుంది. కానీ వీపు, కాళ్లు నిండా మచ్చలున్నవారికి ఈ చిన్న కిటికీ చాలదు. ఒక్కో చోట పెట్టుకుంటూ పోతే గంట పడుతుంది, అంచులు ఒకదాని మీద ఒకటి పడిన చోట మోతాదు రెట్టింపవుతుంది. అలాంటివారికి నిలువెత్తు ప్యానెల్ పరికరాలే దారి. ఇంటి వైద్యం ఆస్పత్రి వైద్యానికి తీసిపోదా అన్న సందేహానికి నెదర్లాండ్స్‌లో 196 మంది మీద జరిగి 2009లో వెలువడిన పరీక్ష, అమెరికాలో 783 మంది మీద జరిగి 2024లో వెలువడిన పరీక్ష రెండూ తీసిపోదనే సమాధానమిచ్చాయి. ఆ రెండింటిలోనూ వాడినవి వైద్యుల పర్యవేక్షణలో నడిచిన పరికరాలని మరువకూడదు. చర్మం మీద పొలుసులు మందంగా ఉన్నవారు సాలిసిలిక్ ఆమ్లం ఉన్న లేపనాలను వెలుగు పెట్టుకునేముందు రాయకూడదు, ఆ మందు యూవీబీని అడ్డుకుంటుంది.

బొల్లి వాళ్లు పాటించవలసిన జాగ్రత్త ఒకటి పరికరంతో వచ్చిన పుస్తకంలో లేదు. మచ్చ చుట్టూ ఉన్న మామూలు చర్మం మీద వెలుగు పడితే అది మరింత నల్లబడి, మచ్చ మునుపటికంటే తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మచ్చ అంచు చుట్టూ సన్‌స్క్రీన్ రాసో, మచ్చ ఆకారంలో రంధ్రం కత్తిరించిన మందపాటి గుడ్డ కప్పో వెలుగు పెట్టుకుంటే ఈ తేడా తగ్గుతుంది.

కళ్లద్దాలు ప్రతిసారీ పెట్టుకోవాలి, గదిలో పిల్లలుంటే బయటకు పంపాలి. లూపస్ ఉన్నవారు, ఎండ పడని ఇతర జబ్బులున్నవారు, చర్మ క్యాన్సర్ వచ్చినవారు దీని జోలికి పోకూడదు. డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్స్, బీపీకి ఇచ్చే థయజైడ్ మాత్రలు వాడుతున్నవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి. క్యాన్సర్ భయం గురించి చాలామంది అడుగుతారు. స్కాట్లండ్‌లో నేరోబ్యాండ్ తీసుకున్న 3867 మందిని పరిశీలించి 2008లో ప్రకటించిన అధ్యయనంలో చెప్పుకోదగ్గ పెరుగుదల కనిపించలేదు. అయినా ఎన్ని విడతలు తీసుకున్నామో లెక్క ఉంచుకోవడం, ఏడాదికొకసారి ఒళ్లంతా వైద్యుడికి చూపించుకోవడం మంచిది.

ఆన్‌లైన్‌లో వెతికితే ఎర్రని, నీలిరంగు ఎల్ఈడీ మాస్కులు కూడా ఇదే వరుసలో కనిపిస్తాయి. 415 నానోమీటర్ల దగ్గరి నీలికాంతి మొటిమల క్రిములను కొంత అణచగలదు, అది వేరే పని. ఆ మాస్కులను బొల్లికి నేరోబ్యాండ్ దీపానికి బదులుగా అమ్మడం మోసమే. నేను వాకబు చేసినప్పుడు చేతి దీపాల ధరలు పదివేల నుంచి పాతిక వేల రూపాయల దాకా ఉన్నాయి. తేడా ఎక్కువగా టైమరులోనూ, పెట్టెలోనూ, ట్యూబులు ఒకటా రెండా అన్న దానిలోనూ ఉంటుంది. డబ్బు కట్టేముందు అడగవలసినవి నాలుగు: ట్యూబు నంబరు, తొడుగు దూరంలో కొలిచిన తీవ్రత ఎంతో రాసిన కాగితం, వైద్య పరికరాల నిబంధనల కింద తీసుకున్న లైసెన్సు నంబరు, విడి ట్యూబు దొరికే చోటు. వీటికి జవాబివ్వగలిగినవాడి దగ్గర ఒక వెయ్యి ఎక్కువైనా కొనండి. విడి ట్యూబును మొదట్లోనే తెచ్చిపెట్టుకోవచ్చు గానీ, దాన్ని మార్చిన రోజున పాత సెకన్లతో వాడవద్దు. కొత్త ట్యూబు పాతదానికంటే బలంగా ఉంటుంది కనుక మళ్లీ కొలిపించి, మోతాదును వైద్యుడితో కొత్తగా రాయించుకున్న తర్వాతే ఒంటి మీద పెట్టాలి.